బావ నడవాల్సిన వీధి

మార్చి 3

నువ్వు కొంటున్నది ఇల్లా అక్కా, గేటా? ముందు ఇది తేల్చు. వందనాలూ క్షేమాలూ తర్వాత.

మీ ఆస్పత్రి వాళ్ళు జులైలో నిన్ను మా ఊరి ఆస్పత్రి లాండ్రీకి బదిలీ చేస్తున్నారనీ, ఈలోగా ఊరి చివరి కొత్త కాలనీ, దానికి ఇవతల ఉన్న పాత కాలనీ రెండూ చూసి ఏది కొనాలో రాయమనీ అడిగావు. సంతోషం. కానీ నీ ఉత్తరంలో మొదటి పేజీ అంతా కొత్త కాలనీ గేటే. గేటు దగ్గర కాపలావాడు, గేటు మీద దీపాలు, గేటు లోపల అద్దంలాంటి రోడ్డు. ఆ రంగుల కాగితం నీకెవరు పంపారో గానీ అందులో ఆకాశానికి కూడా వాళ్ళే రంగు వేసుకున్నట్టున్నారు.

నేను తాళాలు బాగుచేసుకుని బతికేవాణ్ణి. ఇల్లు ఎలాంటిదో గోడల్ని బట్టి చెప్పలేను, తలుపుల్ని బట్టి చెబుతాను. ఆ కొత్త కాలనీలో తలుపు మూసుకుంటే చాలు, దానంతటదే తాళం పడుతుంది. చెత్తబుట్ట బయట పెట్టడానికి వచ్చిన మనిషి వెనక తలుపు మూసుకుపోతే, బనియనుతో వీధిలో నిలబడి నాకు ఫోను కొడతాడు. పక్కింటివాడి పేరు కూడా తెలియదు పాపం, అక్కడ కూర్చుందామన్నా. పాత కాలనీ నుంచి నన్ను పిలిచినవాళ్ళు వేళ్ళ మీద లెక్క. ఎందుకంటే అక్కడ ప్రతి ఇంటి రెండో తాళంచెవి పక్కింటి మేకుకి వేలాడుతుంటుంది. ఆ కాలనీని నమ్ముకుంటే నా ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకే అంటున్నాను, అందులోనే కొను.

పెంచిన బాబాయి "ఏ వైపు కావాలో నువ్వే ఎంచుకో" అంటే కళ్ళెత్తి చూసి, పచ్చగా నిగనిగలాడే మైదానం ఎంచుకున్నవాడి గతి ఏమైందో బైబిలు వాక్యంలో ఉంది. చివరికి ఆ ఊరు మంటల్లో పోతే, ఒళ్ళు కాలిపోకుండా బయటపడ్డాడంతే. నిగనిగను చూసి ఎంచుకోకు.

ఇక రెండో పేజీ. బావ పక్కచూపు పూర్తిగా పోయిందనీ, ఎదురుగా ఉన్నది కూడా గొట్టంలోంచి చూసినట్టు కనిపిస్తోందనీ, ఆ గొట్టం సన్నబడుతోందనీ రాశావు. డిపో వాళ్ళు డ్రైవరు సీట్లోంచి దింపేసి, జనం మరిచిపోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టారని రాశావు. ఉన్న చూపు ఉండగానే ఒక వీధి కాళ్ళకు నేర్పించుకోవాలి, ఆ తర్వాత దేవుడి దయ అని బావ అంటున్నాడన్నావు. ఫుట్‌పాత్ ఎత్తుపల్లాలు, మలుపులు, మెట్లు చూసి రాయమన్నావు.

అవి రాయను. ఆదివారం మా కూడికలో బావ పేరు చెప్పి అందరిచేతా ప్రార్థన చేయించాను. రేకుల షెడ్డు అదిరింది. వినేవాడు విన్నాడు. నువ్వు ఫుట్‌పాత్ గురించి దిగులు పడకు.

ఫోను చెయ్యకు. ఫోనులో నేను అరుస్తాను, నువ్వు ఏడుస్తావు. కాగితం మీద ఇద్దరం కాస్త కుదురుగా ఉంటాం. బావ కూడా చదువుకోవాలని అక్షరాలు ఇంతింత లావుగా రాశాను. పేజీకి నాలుగు మాటలే పట్టి కాగితాలు అయిపోతున్నాయని మీ మరదలు గొణుగుతోంది.

ప్రార్థనలో ఉన్న
తమ్ముడు

మార్చి 11

ఒరేయ్ మైకూ,

చంక దిగిన రోజు నుంచీ ప్రసంగం చెబుతూనే ఉన్నావు. నిన్ను మోసిన నడుం ఇది, నాకు మైదానాల కథ చెబుతావా?

నీ ఉత్తరం బావే చదువుకున్నాడు. భూతద్దం పట్టుకుని, కిటికీ దగ్గర కుర్చీ లాక్కుని, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాడు. చాలా నెలల తర్వాత తనంతట తాను చదివిన ఉత్తరం అది. "మీవాడి గొంతు కాగితంలోంచి కూడా వినిపిస్తోంది" అని నవ్వాడు. అందుకు నీకు ముద్దు. మిగతాదానికి మొట్టికాయ.

నాకు కొత్త కాలనీ ఎందుకు కావాలో చెబుతాను విను. పెళ్ళయినప్పటి నుంచి ఇప్పటిదాకా ఎవరో కట్టి, ఎవరో పాడుచేసిన ఇళ్ళలోనే ఉన్నాను. ఒక ఇంట్లో గొట్టం కారితే, ఇంకో ఇంట్లో కప్పు కారింది. పొద్దస్తమానం లాండ్రీలో ఆవిరి, తడి, వాసన. ఇంటికొచ్చాక కూడా గోడలు చెమర్చకూడదని కోరుకోవడం గర్వమా? ఒక్కసారి, నాకంటే ముందు ఎవరూ వాడని వంటగదిలో నిలబడాలనుంది. దానికి మీ వాక్యంలో శిక్ష ఉంటే రాయి, భరిస్తాను.

కానీ ఇల్లు నా కోసం కాదు. ఆ మాట నాకు గుర్తుంది, నీకే గుర్తున్నట్టు లేదు. బావ ఒక్కడే బయటికి వెళ్ళి, రొట్టె కొనుక్కుని, క్షవరం చేయించుకుని, బస్సు స్టాపు దాకా నడిచి, ఒక్కడే ఇంటికి రావాలి. అంతే. ఆ పని ఎక్కడ జరుగుతుందో అదే మా ఇల్లు. డాక్టరు ఎన్నాళ్ళు అన్నది చెప్పలేనంటున్నాడు. అందుకే నిన్ను కళ్ళతో చూసి రాయమన్నాను. పాత కాలనీలో ఏదో మూలమీది ఇల్లు అమ్మకానికి ఉందన్నారు. బస్సు రోడ్డుకి ఆనుకుని ఉందట, ఆ చప్పుడుకి మనిషి నిద్రపోగలడా? అది కూడా చూడు.

సామాన్ల గదిలో బావకి కొత్త పేరొచ్చింది. గొడుగు పిడి తడిమి, ఇది ఆడవాళ్ళదా మగవాళ్ళదా, ఏ రూటులో మరిచిపోయారో చెప్పేస్తున్నాడట. జనం పందేలు కాస్తున్నారు. ఇంటికొచ్చి ఆ సంగతి చెప్పి, దీపం ఆర్పేసి పడుకున్నాడు.

నీ కోసం రెండు చొక్కాలు ఇస్త్రీ చేయించి పెట్టాను. ప్రసంగానికి వేసుకో.

అక్క

మార్చి 18

అక్కకి, బావకి వందనాలు.

వెళ్ళాను, చూశాను. నువ్వు కళ్ళతో చూడమన్నావని కళ్ళు ఇంతవి చేసుకుని చూశాను.

పాత కాలనీలో మూలమీది ఇల్లు ఒక రిటైరైన డ్రాయింగు టీచరమ్మది. చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఒకటే అంతస్తు, వీధిలోంచి రెండు మెట్లు. గోడలు మందంగా ఉన్నాయి, తట్టి చూస్తే పొట్ట నిండిన మనిషిలా పలుకుతున్నాయి. ఎక్కడా తడి లేదు, నీ మీద ఒట్టు. తలుపు తాళం పాతకాలంది, నేను తీయడానికే చెమట పట్టింది. వీధిలో చెట్లున్నాయి. వేళ్ళు పైకి లేచి ఫుట్‌పాత్ పలకల్ని అక్కడక్కడా ఎగదోశాయి. బేకరీ ఉంది, కటింగు షాపు ఉంది. లోపం ఒక్కటే, నువ్వన్నదే. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా కిటికీ అద్దాలు పళ్ళు కొరుకుతాయి. దాచను.

కొత్త కాలనీలో ఇల్లు నిజంగానే బావుంది. నీకు కావలసిన వంటగది ఉంది. రోడ్డు మీద గోళీ వేస్తే వేసినచోటే ఉంటుంది. చప్పుడు లేదు. మనుషులు కూడా లేరు, సగం ఇళ్ళకి తాళాలే. బస్సు గేటు దాకా రాదు, పెద్దరోడ్డు మీదే ఆగుతుంది. వీధులన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి.

ఇప్పుడీ పేజీ నీకు మాత్రమే. బావకి చదివి వినిపించకు.

చూపుకంటే ముందు బావకి విశ్వాసం సన్నబడింది అక్కా. నేను ప్రార్థన చేస్తుంటే ఆయన ఫుట్‌పాత్ కొలుస్తున్నాడు. చూపు పోతుందని ముందే ఒప్పేసుకుని, దానికి తగ్గ ఇల్లు వెతుక్కోవడమంటే రోగానికి గది చూపించి మంచం వెయ్యడమే. స్వస్థత అడిగేవాడు చేతికర్ర కొనుక్కుంటాడా? భార్యవి నువ్వు. ఆయన భయానికి వంతపాడకు. పాత కాలనీలో కొను, మనుషుల మధ్య ఉండు, నమ్ము. అంతే.

నీ తమ్ముడు

ఏప్రిల్ 2

తమ్ముడికి,

నీకు తట్టి ఉండదు కాబట్టి చెబుతున్నాను. నాకు పగటి డ్యూటీ. ఉత్తరం వచ్చేసరికి ఇంట్లో ఉన్నది బావ. ఆ రోజు ఆయనకి సెలవు. నువ్వు ఆయన చదువుకోవాలనే కదా అక్షరాలు లావుగా రాశావు. ఆయనకి చెప్పకూడని పేజీ కూడా అదే లావున రాశావు.

చివరిదాకా చదివాడు. నేను ఇంటికొచ్చేసరికి కాగితాలు మడిచి కవరులో పెట్టి, కవరు నా పళ్ళెం పక్కన పెట్టి కూర్చున్నాడు. కోపం లేదు. "నీకేదో ఉత్తరం వచ్చింది, పొరపాటున నేను చదివాను" అన్నాడు.

నువ్వు రాసిన చేతికర్ర, నీ ఉత్తరం రాకముందే ఆయన కొన్నాడు. నాకు కూడా చెప్పకుండా బీరువా వెనక పెట్టుకున్నాడు. నేను ఊడుస్తుంటే దొరికింది. సరేలే అని ఊరుకున్నాను. నీ ఉత్తరం తర్వాత అది అక్కడ లేదు. ఎక్కడ పెట్టాడో నేను అడగలేదు.

కొత్త కాలనీ వాళ్ళకి సరే అని చెప్పేశాం. నెలాఖరుకి సంతకాలకి రమ్మన్నారు. చప్పుడు లేనిచోట, ఎవరూ లేనిచోట, ఎవరి విశ్వాసం ఎంత లావో ఎవరూ కొలవనిచోట ఉంటాం.

నీకు బావ ఒక్క మాట చెప్పమన్నాడు, ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను: "కళ్ళు మూసుకుని ప్రార్థన చెయ్యడం మీవాడికి అలవాటే. కళ్ళు మూసుకుని ఒక వీధి నడిచి, ఆ తర్వాత ఉత్తరం రాయమను."

అక్క

ఏప్రిల్ 10

అక్కా, బావా, ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం. ఇందులో ఎవరికీ విడిగా పేజీ లేదు.

నోరు పారేసుకున్నాను. కాగితం మీద పారేసుకున్నది ఏరుకోవడానికి కూడా ఉండదు. మీ ఉత్తరం చదివి దుకాణం మూసి, వాక్యం తెరిచి కూర్చున్నాను. నన్ను సమర్థించే మాట వెతకడానికే కూర్చున్నాను, అబద్ధం ఎందుకు. దొరికింది వేరే. గుడ్డివాడి దారిలో రాయి అడ్డం పెట్టవద్దని ధర్మశాస్త్రంలో ఆజ్ఞ ఉంది. ఎన్నోసార్లు చదివినదే, ఎన్నోసార్లు దాటిపోయినదే. ఈసారి దాటనివ్వలేదు. కళ్ళు తెరిపించగలవాడే ఈ ఆజ్ఞ ఎందుకిచ్చాడు? అందరినీ ఆ రోజే బాగుచేసేవాడైతే, రాయి సంగతి ఎత్తేవాడే కాదు కదా. దారి సంగతి మనుషులకి అప్పజెప్పాడు. ఆ అప్పజెప్పిన పని నేను చెయ్యనని ఉత్తరం రాశాను. రాయి పెట్టింది నేనే.

అందుకని బావ చెప్పినట్టే చేశాను. కళ్ళకి తువ్వాలు కట్టుకున్నాను. వెనక మీ మరదల్ని నడవమన్నాను, ఏం జరిగినా నోరు విప్పొద్దని గట్టిగా చెప్పాను. ఆ ఆజ్ఞకి నేను పడ్డ పాట్లు వినండి.

ముందు కొత్త కాలనీ. మొదట్లో రాజులా నడిచాను. కాలికి ఏదీ తగల్లేదు. ఒక మలుపు తిరిగాను, ఇంకోటి తిరిగాను. ఆ తర్వాత ఎక్కడున్నానో తెలియలేదు. గోడ తడిమితే ఒకటే గోడ. గేటు తడిమితే ఒకటే గేటు. ఎక్కడా ఏ వాసనా లేదు. నిలబడి విన్నాను. నా ఊపిరి తప్ప ఇంకేం లేదు. చల్లగా భయం మొదలైంది బావా, పాదాల నుంచి. అప్పుడు ప్రార్థించాను. నా కళ్ళ కోసం కాదు, నీ కళ్ళ కోసం కాదు. ఎక్కడో ఒకరు దగ్గితే చాలు ప్రభువా అని ప్రార్థించాను.

ఎవరూ దగ్గలేదు. కాపలావాడు మాత్రం కళ్ళకి గంతలు కట్టుకున్న దొంగ ఎవరో వచ్చాడని పరిగెత్తుకొచ్చాడు. మీ మరదలు పక్కనే ఉండి కూడా చూస్తూ నిలబడింది. "మాట్లాడొద్దన్నావుగా" అంది తర్వాత. ఇంటికి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉంది.

మర్నాడు పాత కాలనీ. టీచరమ్మ గుమ్మం నుంచి బయల్దేరాను. కటింగు షాపు ముందు లేచిన పలక కాలికి తగిలి మోకాలు నేలకి గీసుకుపోయింది. పూర్తిగా పడేలోపు ఒక చెయ్యి కుడి మోచెయ్యి పట్టుకుంది, షాపతను. ఎడమ మోచెయ్యి బేకరీ ఆయన పట్టుకున్నాడు. వెనక నుంచి ఎవరో ఆవిడ భుజం పట్టుకుని, కంటి ఆపరేషను ఎప్పుడైందని అడిగింది. ఇంకొకరు నేను వద్దన్నా రోడ్డు దాటించారు. నేను దాటాలనుకోలేదు. మళ్ళీ ఇంకొకరు ఇటు తెచ్చారు. అయినా అక్కా, ఆ వీధిలో పడనివ్వరు. మనిషిని పడనివ్వని వీధి అది. కొత్త కాలనీకి చెప్పిన సరేని వెనక్కి తీసుకోండి. ఇంతకంటే ఏం కావాలి?

మోకాలికి కట్టు కట్టుకున్న
తమ్ముడు

ఏప్రిల్ 16

తమ్ముడూ,

కాపలావాడి దగ్గరికొచ్చేసరికి బావ భూతద్దం పక్కన పెట్టేసి నవ్వాడు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. డిపో వాళ్ళు బస్సు దింపాక అలా నవ్వడం చూడలేదు నేను. పేజీ నాకిచ్చి మళ్ళీ చదివించుకున్నాడు. నిన్ను క్షమించేశాడు. నేను ఇంకా లేదు, కానీ దారిలో ఉన్నాను.

కానీ పాత కాలనీ వద్దంటున్నాడు. నువ్వు గొప్పగా రాసిన దానికే వద్దంటున్నాడు.

"నేను బస్సు నడిపినంతకాలం స్టీరింగు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. ఇప్పుడు నా మోచెయ్యే నా స్టీరింగు. దాన్ని వీధిలో ప్రతివాడూ పట్టుకుని తిప్పుతానంటే నేను ఇంట్లోంచి బయటికే రాను" అన్నాడు. పడతానన్న భయం ఆయనకి లేదట. పడితే లేస్తాడట. మంచిమనుషులు మోసుకెళ్ళే మూటలా అయిపోతానేమోనని భయమట. ఈ మాట నాతో కూడా ఇప్పటిదాకా అనలేదు. అన్నాక నాకు ఒకటి వెలిగింది. ఈ మధ్య నేను కూడా గుమ్మం దాటేటప్పుడల్లా ఆయన మోచెయ్యి పట్టుకుంటున్నాను. ఆయన వద్దనడు. కానీ గట్టిగా ఊపిరి పీలుస్తాడు. అది అలసట అనుకున్నాను ఇన్నాళ్ళూ.

అందుకని, ఎవరూ లేనిచోటా, అందరూ పట్టుకునేచోటా, రెండింట్లో ఎవరూ లేనిదే మేలంటున్నాడు. తప్పిపోతే తప్పిపోతాను, నా కాళ్ళతోనే తప్పిపోతాను అంటున్నాడు. నాకు ఆ కొత్త వంటగది మీద ఇప్పుడు అంత మోజు లేదు. నువ్వు రాసిన ఆ నిశ్శబ్దం చదివినప్పటి నుంచీ ఆ గేటు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది. కానీ ఆయన మాట ఆయనది.

ఒక్క ప్రశ్న అడిగాడు, డ్రైవరు ప్రశ్న. పాత కాలనీలో ఆ బస్సు చప్పుడు మూలమీది ఇంట్లోనేనా, వీధి పొడవునా వినిపిస్తుందా? మలుపు తిరిగాక కూడా వినిపిస్తుందా? ఎందుకని అడిగితే, రోడ్డు ఎటుందో చెవికి తెలిస్తే తను ఎటున్నాడో తెలిసిపోతుందన్నాడు. మనం లోపమనుకున్నదాన్ని ఆయన అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు.

సంతకాలు ముప్పయ్యో తారీకు. తొందరగా రాయి.

అక్క

ఏప్రిల్ 24

అక్కా, బావా, వందనాలు. నిలబడే రాస్తున్నాను, కూర్చుంటే కలం ఆగుతుందేమోనని.

బస్సు చప్పుడు వీధి పొడవునా వినిపిస్తుంది. రెండో మలుపులో కూడా వినిపిస్తుంది, కాస్త మెత్తగా. తువ్వాలు కట్టుకుని మళ్ళీ విన్నాను. ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు ఎడమచెవికి, తిరిగొచ్చేటప్పుడు కుడిచెవికి. బావా, నువ్వు అడగకపోతే నేను అమ్మేవాళ్ళతో ఆ చప్పుడు గురించి దెబ్బలాడుతూనే ఉండేవాణ్ణి.

ఇక చేతుల సంగతి. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎందుకంటే పట్టుకుని లాక్కెళ్ళడం నా వృత్తి. ఇన్నేళ్ళుగా ఆ వీధిలో తలుపు తలుపూ తట్టి రక్షణ గురించి చెప్పాను. "ఇంట్లో ఎవరూ లేరు" అని ఇంట్లోవాళ్ళే లోపల్నుంచి చెప్పిన తలుపులున్నాయి. ఈసారి పుస్తకం సంచిలోంచి తీయలేదు. ప్రతి తలుపూ తట్టి ఒకటే మాట చెప్పాను. ఒకాయన ఈ వీధికి రాబోతున్నాడు. చూపు తగ్గుతోంది. ఆయన చెయ్యి పట్టుకోవద్దు. పలకరించండి. మీరెవరో, ఆయన ఏ కొట్టు ముందున్నాడో చెప్పండి, వదిలెయ్యండి. ఆయన అడిగితేనే చెయ్యి ఇవ్వండి.

తలుపులు తెరుచుకున్నాయి అక్కా. కుర్చీలు వేశారు. ఒక్క హెడ్‌మిస్ట్రెస్సమ్మ మాత్రం, ఆ వీధిలో అందరూ ఆమెకి భయపడతారు, నన్ను గుమ్మంలోనే నిలబెట్టి నిలదీసింది. పడిపోతున్న మనిషిని చూస్తూ ఊరుకోమంటావా, ఇదేం మతం అంది.

"పడబోతుంటే అరవండి, పడితే లేపండి, పడకముందే లేపకండి" అన్నాను.

తలుపు పూర్తిగా తెరిచింది. ఇన్నాళ్ళుగా నా తలుపు తడుతున్నావు, పనికొచ్చే మాట ఇవాళే విన్నాను అంది. నాకు వచ్చిన ప్రసంగాలన్నింటిలో చిన్నది అదే. మరీ దాని గురించి అతిశయించకూడదు, అతిశయిస్తున్నాను.

శనివారం కటింగు షాపు ముందు పలకలు ఎత్తాం. చెట్టు వేరు కొట్టలేదు, దాని మీదుగా సిమెంటు ఏటవాలుగా పోశాం. బేకరీ ఆయన ఇసుక తెప్పించాడు. హెడ్‌మిస్ట్రెస్సమ్మ గొడుగు పట్టుకుని నిలబడి మాకు తప్పులు చెప్పింది. అది ఆరాక, నిన్న, తువ్వాలు కట్టుకుని బయల్దేరాను. వెనక మీ మరదలు కూడా లేదు.

"కటింగు షాపండీ, మెట్టు కుడివైపు" అన్నాడతను. ఊరుకున్నాడు. బేకరీ దగ్గర వాసనే ముందు పలకరించింది, తర్వాత ఆయన. ఎవరో ఎదురొస్తూ "సైకిలు నాది, పక్కకి తప్పుకున్నా, మీరు నడవండి" అన్నారు. ఒక్కచోట కాలు తడబడింది. ఎక్కడో చేతిసంచి కింద పెట్టిన చప్పుడైంది, ఎవరో దగ్గరికి రాబోయి ఆగినట్టున్నారు. ఆగారు అక్కా. ఆగడం ఎంత కష్టమో నాకు తెలుసు. నేనైతే ఆగేవాణ్ణి కాదు.

బస్సు స్టాపు దాకా వెళ్ళి, కుడిచెవికి వినబడే బస్సు చప్పుడు పట్టుకుని ఇంటిముందుకి వచ్చేశాను. తువ్వాలు తీస్తే ఎదురుగా టీచరమ్మ గుమ్మం. అక్కడే మెట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ వచ్చి భుజం పట్టుకోలేదు. అప్పుడు మాత్రం పట్టుకుంటే బావుండు అనిపించింది, అది వేరే సంగతి.

ముప్పయ్యో తారీకు సంతకాలు చెయ్యకండి.

నీ తమ్ముడు

మే 9

ఒరేయ్ తమ్ముడూ,

గుండెల మీద నుంచి బండ దింపావురా. ముందు ఆ మాట రాసేస్తే మిగతాది నెమ్మదిగా రాసుకోవచ్చు.

నీ ఉత్తరం బావ చదివాడు. "ఆగినట్టున్నారు" అన్నచోట ఆగిపోయాడు. అక్కడ వేలు పెట్టుకుని, కిటికీలోంచి చాలాసేపు బయటికి చూశాడు. నేనేం అడగలేదు, ఆయన చెయ్యి కూడా పట్టుకోలేదు, నేర్చుకుంటున్నాను. తర్వాత లేచి, కొత్త కాలనీ వాళ్ళకి వద్దని తనే ఫోను చేశాడు. కారణం ఏమిటని వాళ్ళడిగితే "మీ దగ్గర చప్పుడు తక్కువ" అన్నాడు.

టీచరమ్మతో మాట్లాడాం. ఖరారైంది. ఆవిడ ఇప్పుడే వెళ్ళిపోతోంది కాబట్టి తాళాలు నీకే ఇచ్చేయమన్నాం. తాళాలవాడికి తాళాలివ్వడంలో నమ్మకం ఎంతో చూడు.

ఇంకో సంగతి. నిన్న డాక్టరు దగ్గరికి వెళ్ళాం. కిందటిసారి ఎంత చూపుందో ఇప్పుడూ అంతే ఉందట. సన్నబడలేదు. దీన్నిబట్టి ముందు ముందు ఎలా ఉంటుందో చెప్పలేనన్నాడు, కొన్నాళ్ళు ఇలా ఆగి ఒక్కసారిగా తగ్గినవాళ్ళూ ఉన్నారట. కానీ ఇవాళ్టికి ఉంది. నువ్వు దీన్ని ఆదివారం షెడ్డులో సాక్ష్యంగా చెప్పకు. నీ ప్రార్థన వల్ల కాదని నేననను, అయిందని కూడా అననివ్వను. సంతోషంగా ఉన్నాం, అంతే చెప్పు.

ఆ రాత్రి నేను పడుకోగానే నిద్రపోయాను. ఎన్నాళ్ళైందో.

ఇక మిగిలిన పనులు. బదిలీ ఎలాగూ జులైలోనే. ఈలోగా ఇంటికి రంగులు వేయించు. వంటగదిలో అరలు మార్పించాలి, కొలతలు వేరే కాగితం మీద పెట్టాను. వంటగది పాతదే అయినా అరలైనా నావి కావాలి. కర్టెన్లు నేనే కుట్టిస్తాను. అన్నీ అమిరాక, జులై రెండో వారంలో సామాన్లతో ఒకేసారి దిగుతాం. బావకి చెప్పాను. సరే అన్నాడు. చేతికర్ర మాత్రం మళ్ళీ బయటికొచ్చింది. తలుపు పక్కనే, అందరికీ కనిపించేచోట పెట్టుకున్నాడు.

నీ నడుం విరిగేలా కౌగిలించుకుంటూ
అక్క

మే 14

అక్కా,

జులై ఏమిటి?

రంగుల కోసం ఆగుతావా? అరల కోసం ఆగుతావా? ఇవాళ్టికి ఉంది అని రాసింది నువ్వే. ఆ చూపుతో బావ చూడాల్సింది గోడ రంగు కాదు, ఈ వీధి. చెట్టు వేరు మీద సిమెంటు ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో, బేకరీ గుమ్మం వీధిలోకి ఎంత ముందుకొచ్చిందో, పొద్దున ఎండ ఏ గోడ మీద పడుతుందో, ఏ మూల నీడ మొదలవుతుందో. పలకరించే గొంతులకి మొహాలు ఏవో ఆయన ఒక్కసారైనా చూడాలి. తర్వాత ఆ గొంతు వినిపించినప్పుడల్లా ఆ మొహం తోడొస్తుంది. కాళ్ళు నేర్చుకునేటప్పుడు కళ్ళు పక్కన ఉండాలనే కదా ఆయన మొదట్లో అడిగింది. ఎదురుచూసినంతకాలం ఎదురుచూశాం, ఇల్లు దొరకలేదని. ఇప్పుడు దొరికింది. ఇంకా దేనికి?

పగలు ఉండగానే పని చెయ్యాలని మనకి చెప్పినవాడు, తెల్లవారాక చూద్దామనేవాళ్ళ గురించి మెచ్చుకోలుగా ఏమీ చెప్పలేదు.

నీకు జులైదాకా సెలవు లేకపోతే నువ్వు అక్కడే ఉండు. బావని పంపించు. ఒక్కణ్ణే పంపించు. జీవితమంతా బస్సులు నడిపినవాడికి బస్సెక్కడం నేర్పక్కర్లేదు. సామాన్ల గదికి ఆయన సెలవు చీటీ పెట్టుకుంటాడు, గొడుగులు ఎక్కడికీ పోవు. ఇంట్లో మంచం వేశాను, దుప్పటి వేశాను, నీళ్ళు పట్టి పెట్టాను. నేను స్టాపులో నిలబడి పలకరిస్తాను, చెయ్యి పట్టుకోను. మాట ఇస్తున్నాను.

ఈ ఉత్తరం మడిచి లోపల పెట్టు. ఆయన సంచిలో రెండు జతల బట్టలు సర్ది, కర్ర చేతికివ్వు. ఇంకా ఎండ ఉంది. బస్సు ఎక్కించు అక్కా. రేపు కాదు, ఇవాళే.

తమ్ముడు